రాని రైలు, సూరయ్య అరచెయ్యి

ఒక మనిషి అరచెయ్యి ఎంత వేడిని ఎంతసేపు ఓర్చుకుంటుందో కొలిచి, ఆ కొలత మీద ఒక సాంకేతిక పత్రాన్ని నిలబెట్టి, ఆ అరచెయ్యి ఎవరిదో మాత్రం రాయకూడదని ఏ నిబంధన చెబుతోంది? ఈ ప్రశ్నను నేను సెప్టెంబరు పదహారో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు ఫోనులో అడిగాను. అదే రోజు మూడున్నరకు రాతపూర్వకంగా అడిగాను. తరువాత చాలా జరిగింది, అందులో ఎక్కువ భాగం సంతోషకరమైనదే. జవాబు మాత్రం ఇంకా రాలేదు.

మా అన్నయ్య భీమేశ్వరరావు మనుమరాలు దివ్యశ్రీ బరంపురంలోనే ఒక ఇంజనీరింగు కళాశాలలో ఎం.టెక్. రెండో సంవత్సరం చదువుతోంది. మా ఇంట్లో నాలుగు తరాలుగా అందరూ బడాబజారులో పప్పుదినుసుల టోకు వ్యాపారం చేసినవారే. నేను ఒక్కదాన్నే దారి తప్పి ముప్పై నాలుగేళ్ళు ఒక కళాశాల గ్రంథాలయాన్ని చూసుకున్నాను. ఆ కారణంగా ఇంట్లో ఎవరు ఏ కాగితం రాసినా అచ్చుతప్పులు దిద్దే పని నాకు వచ్చి పడుతుంది. పెళ్ళి శుభలేఖలు, బ్యాంకు దరఖాస్తులు, ఇప్పుడు ఇది.

ఇది అంటే, పరిమళ ద్రవ్యాల తయారీలో కొలత పరికరాలు అనే విషయం మీద డిసెంబరులో కొచ్చిలో జరగబోయే అంతర్జాతీయ సదస్సుకు పంపవలసిన రెండు పేజీల ప్రతిపాదన. గంజాం జిల్లా సముద్రపు ఒడ్డున మొగలిపొదలు ఎంత విస్తారమో, ఆ పువ్వులనుంచి అత్తరు తీసే బట్టీలు ఎన్నో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. దివ్యశ్రీ ఒక ఉష్ణమాపక పరికరాన్ని తయారుచేసి, గిరిసోల అవతల సూరయ్య అనే ఆయన నడిపే బట్టీలో అమర్చి, పందొమ్మిది రోజుల కొలతలు సేకరించింది. ప్రతిపాదన ఆమోదం పొందితేనే చదువు ముగింపులో ఆమె పరిశోధనకు విలువ. ఆ మాట ఆమె గైడు వెంకటరమణమూర్తి గారే చెప్పారు. ప్రతిపాదనను ఆగస్టు నెలాఖరుకు సిద్ధం చేయమని మాత్రం ఆయన చెప్పలేదు. చివరి తేదీని ఎప్పుడైనా పొడిగిస్తారని ఆయన నమ్మకం. గత మూడేళ్ళుగా పొడిగించారట. ఈ ఏడాది ప్రకటనలో "పొడిగింపు ఉండదు" అని ఒక వాక్యం ఉన్నది. దాన్ని చదివినది ఆయనా నేనూ ఇద్దరిలో నేను ఒక్కదాన్నే.

చివరి తేదీ సెప్టెంబరు పదిహేను. పదహారో తేదీ ఉదయం తొమ్మిదిన్నరకు దివ్యశ్రీ లాప్‌టాప్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"నిన్నటితో అయిపోయింది కదా," అన్నాను.

"అవలేదు మామ్మా. భూమ్మీద ఎక్కడో ఒకచోట పదిహేనో తేదీ మిగిలి ఉన్నంతవరకూ టైముంటాదట. మన లెక్కలో ఇవాళ సాయంత్రం ఐదుంపావు దాటి పద్నాలుగు నిమిషాలు."

నేను పరిశీలించాను. నిజమే. పసిఫిక్ సముద్రంలో మనిషన్నవాడు లేని రెండు దీవులున్నాయి. అక్కడ తేదీ అందరికన్నా ఆలస్యంగా మారుతుంది. ప్రపంచంలోని ఇంజనీర్లందరూ తమ బద్ధకానికి ఆ దీవుల ఆసరా తీసుకుంటున్నారు.

నాకు ఏ పుస్తకమైనా చివరి పేజీ ముందు చదివే అలవాటు. అక్కడ ఉన్న ఇంగ్లీషు వాక్యానికి అర్థం ఇది: "ఈ పరిశోధనకు సహకరించిన స్థానిక కార్మికునికి కృతజ్ఞతలు."

"ఎవరీ స్థానిక కార్మికుడు?"

"సూరయ్య మామ్మా. తెలుసు కదేటి."

"నాకు తెలుసు. చదివేవారికి ఎలా తెలుస్తుంది?"

"గైడు సారు అలాగే రాయమన్నారు," అని ఆమె గోళ్ళు చూసుకుంది.

దాన్ని ఎర్రసిరాతో చుట్టి ముందుకు వెళ్ళాను. మొదటి పేజీ మధ్యలో ఆగిపోయాను. అక్కడ ఉన్న విషయం ఇది. రాగి డేగిసాలో పువ్వులు, నీళ్ళు పోసి మూత బిగించి కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి వెళ్ళి, నీటి గుంటలో దింపిన రాగి కుండలో చేరుతుంది. ఆ కుండ మరీ వేడెక్కితే వాసన చెడుతుంది. కనుక సరైన క్షణంలో మంట తగ్గించాలి. ఆ క్షణం గురించి దివ్యశ్రీ రాసిన వాక్యాలు: "కార్మికుడు తొమ్మిది గంటల పాసింజరు రైలు గిరిసోల దాటిన కూత విని మంట తగ్గిస్తాడు. సంప్రదాయ పద్ధతి కాలం మీద, అదీ బయటి సంఘటన మీద ఆధారపడినది కనుక నమ్మదగినది కాదు. మా పరికరం ఉష్ణోగ్రతను కొలుస్తుంది కనుక నమ్మదగినది."

"కొలతలు తీసిన తేదీలు చూపించు."

చూపించింది. ఆగస్టు పందొమ్మిది, ఇరవై, ఇరవై రెండు ఆ జాబితాలో ఉన్నాయి. మంట తగ్గించిన సమయాలు వరుసగా ఎనిమిదీ యాభై ఎనిమిది, తొమ్మిదీ నాలుగు, ఎనిమిదీ నలభై ఏడు.

నేను లేచి బీరువా తెరిచాను. కంటి పరీక్షకు నేను నెలకొకసారి ఆ పాసింజరులోనే ఇచ్ఛాపురం వెళతాను. ఆగస్టు పద్దెనిమిది నుంచి ఇరవై ఐదు వరకు పట్టాల మరమ్మతు పేరిట ఆ రైలును రద్దు చేశారు. ఆ ప్రకటనను స్టేషనులో నా ప్రయాణం రోజున, నేను టికెట్టు కొన్న తరువాత అంటించారు. ఆ విషయమై నేను రాసిన ఫిర్యాదు నకలూ, ప్రకటన ఫోటోనూ నా దగ్గర ఉన్నాయి. రెండూ బల్లమీద పెట్టాను.

"లేని రైలు వెళ్ళిన వెంటనే సూరయ్య మంట ఎలా తగ్గించాడు?"

దివ్యశ్రీ ఫోటోను చూసింది. తన అంకెలను చూసింది. మళ్ళీ ఫోటోను చూసింది.

"నేను అక్కడున్న రోజుల్లో ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని 'అదిగో' అనీవోడు మామ్మా. నాకు కూత వినబడలేదు. మంట చప్పుడు వల్ల అనుకున్నాను."

"రైలు మన చెవికి వినబడకపోతే మన చెవి తప్పు అనుకోవడం వినయం. కాగితం మీద రాసేముందు కనుక్కోకపోవడం వినయం కాదు."

"గైడు సారు కూడా చదివేరు కదా."

"చదివి ఏమన్నారు?"

"ఫాంటు పెద్దది చెయ్యమన్నారు."

పది గంటలు కావస్తోంది. ఐదుంపావు దాటి పద్నాలుగు నిమిషాలకు ముందుగా ఆ పేరా నిజం కావాలి, లేదా ఆ పేరా ఉండకూడదు. ఆ పేరా లేకపోతే పరికరం ఎందుకో చెప్పే మాటే ఉండదు, ప్రతిపాదనే ఉండదు. మేము ఆటో మాట్లాడుకుని బయలుదేరాము.

బట్టీ అంటే తాటాకు కప్పిన పొడవాటి పాక. ఒక పక్క వరుసగా నాలుగు పొయ్యిలు, మరో పక్క నీటి గుంట. మేము చేరేసరికి పదకొండుంపావు. ఉదయపు వాయి దించి రెండో వాయికి పువ్వులు నింపుతున్నారు. ఆ వాసన గురించి వర్ణించను. బట్టల్లోంచి మూడు రోజులు పోలేదని మాత్రం చెప్పగలను.

సూరయ్యకు అరవై దాటాయి. సన్నటి మనిషి, మోకాళ్ళపైకి పంచె కట్టి మూతకూ డేగిసాకూ మధ్య గుడ్డపేలికలు, బంకమట్టి కూరుతున్నాడు. మట్టి అదుముతూ పెదవులు కదిపాడు. ఏదో పేరు పలికినట్టు వినబడింది. పని పూర్తయ్యేదాకా మమ్మల్ని చూడలేదు. ఆయన భార్య కాసులమ్మ ఒక పీట తెచ్చి వేసింది.

"రాండమ్మగోరూ. ఏటి బుల్లెమ్మా, మొకం అలగున్నాది? పరీచ్చ తప్పేవేటి?"

"ఇంకా తప్పలేదు కాసులత్తా. తప్పబోతన్నాను. సూరయ్య మావా, రైలు గురించి నిజం చెప్పు."

సూరయ్య చేతులు కడుక్కుని మా వైపు తిరిగాడు. "ఏ రైలు?"

"తొమ్మిది గంటల పాసింజరు."

"ఓ, అదా." ఆయన తీరిగ్గా కూర్చున్నాడు. "ఆ రైలు మంచి రైలమ్మా. నాను ఆ రైలుని నలభయ్యేళ్ళ బట్టి వాడతన్నాను. ఎవులొచ్చి అడిగినా రైలే సెప్తాను. ఉత్తరాదోళ్ళు ఒచ్చీరు, కారేసుకొని. ఆళ్ళకీ రైలే. ఆఫీసరు బాబు ఒచ్చేడు, రాసుకొని ఎల్లేడు. ఇచ్ఛాపురం కాడ ఒకడైతే బట్టీ పీకీసి పట్టాల పక్కనే ఎట్టుకున్నాడు, కూత బాగా ఇనిపిత్తాదని."

"మరి అతని అత్తరు?" అని అడిగాను.

"సబ్బుకి కూడా పనికి రాదమ్మగోరూ."

కాసులమ్మ అందుకుంది. "ఆలకేటి, నాకూ రైలే సెప్పేడు ఈ మడిసి. పెళ్ళయిన పదేళ్ళు నానూ రైలే అనుకున్నాను. ఒకసారి రైలోళ్ళ సమ్మెయితే, ఇయ్యాల బట్టీ ఎలగని నానేడుస్తా కూకున్నాను. ఈయనేమో ఏటీ పట్టనట్టు పని సేసుకొని పోతన్నాడు. అప్పుడు దొరికేడు."

దివ్యశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొంతసేపు రెండూ చేసింది. "నాకెందుకు చెప్పావు మావా? నేను రోజూ నీ కాడే కూర్చున్నాను కదా."

"నువ్వూ అడిగేవు కదా. అడిగినోలకి రైలు సెప్తాను." ఆయన గొంతులో హాస్యం తగ్గలేదు గాని, చూపు నిలిచింది. "నీ కాయితం మీద ఎవుల పేరున్నాది బుల్లెమ్మా?"

"నాదీ, మా సారుదీ."

"నాది?"

ఆమె నేల చూపులు చూసింది. అబద్ధమాడటం ఆ పిల్లకు చేతకాదు. అది మా కుటుంబంలో వ్యాపారానికి పనికిరాని రెండో మనిషి అనడానికి గుర్తు. "చివర్లో ఉంది. పేరు కాదు. స్థానిక కార్మికుడు అని."

సూరయ్య తల ఊపాడు. కోపం లేదు. "నాను పొద్దున్నే మట్టి అదిమినప్పుడు మా గురువు పేరు సెప్పుకుంటాను. పేరు సెప్పకుండా మంటెడితే మట్టి పగులుతాదని మాకాడ నమ్మకం. నిజమో అబద్దమో, నానెప్పుడూ సెప్పకుండా ఎట్టనేదు." లేచి కట్టెలు సర్దాడు. "అయితే రైలే ఉండనీ బుల్లెమ్మా. బాగున్నాది కదా రైలు."

దివ్యశ్రీ ఫోను తీసి గైడుకు కలిపింది. ఒంటిగంట దాటాక మూడో ప్రయత్నానికి దొరికారు. స్పీకరులో పెట్టమన్నాను.

"చూడమ్మా," అన్నారు వెంకటరమణమూర్తి గారు, అంతా విన్న తరువాత. "రచయిత అంటే రేపు సదస్సులో ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పగలిగినవాడు. అతను చెప్పగలడా?"

నేను ఫోను అందుకున్నాను. "నమస్కారం. నేను దివ్యశ్రీ మామ్మను, భారతీదేవిని. ఈ ఉదయం మీ పత్రం మీద ఒక ప్రశ్న వచ్చింది. రద్దయిన రైలు కూత ఎలా వినబడిందని. దానికి మీరు జవాబు చెప్పలేకపోయారు, దివ్యశ్రీ చెప్పలేకపోయింది. ఆయన ఒక్కడే చెప్పగలడు."

"మేడమ్, మీరు పెద్దవారు. ఇదొక సంప్రదాయం. కావాలంటే 'అనుభవజ్ఞుడైన స్థానిక కార్మికుడు' అని మారుద్దాం."

"ఆయనకు అనుభవం ఉన్నదని తెలిసిన మీకు, పేరు ఉన్నదని ఎందుకు తెలియలేదు?" అని, ఈ కథ మొదట రాసిన ప్రశ్న అడిగాను. అవతల కుర్చీ కిర్రుమన్నది.

"అయినా మేడమ్, తేదీ పొడిగిస్తారు. ఎప్పుడూ పొడిగిస్తారు. సోమవారం తీరిగ్గా మాట్లాడుకుందాం. నాకు మీటింగుంది," అన్నారు. ఫోను ఆగిపోయింది.

ఆ తరువాత జరిగినదానిలో నా ప్రమేయం లేదు. దివ్యశ్రీ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. కృతజ్ఞతల వాక్యం చెరిపేసింది. పేర్ల వరుసలో తన పేరు తరువాత ఒక పేరు టైపు చేసింది. లేచి తెరను సూరయ్య ముఖం ముందు పట్టుకుంది. ఆయనకు ఒడియా అక్షరాలు వచ్చు, తెలుగు అక్షరాలు కొన్ని వచ్చు, ఇంగ్లీషు రాదు. ఆమె వేలుతో చూపించి చదివింది.

"దుంపల సూరయ్య. రెండోది నువ్వే. ముందే రాసీసేను మావా. నువ్వు చెప్పినా ఉంటాది, చెప్పకపోయినా ఉంటాది. చెప్పకపోతే రైలు తీసీసి, మాకు తెలీదు అని రాస్తాను."

"మీ సారు ఊరుకుంటాడా?"

"తెలీదు."

సూరయ్య కాసులమ్మను చూశాడు. కాసులమ్మ అన్నది, "పదేళ్ళు ఏడిపించకు. ఆ పిల్లకి సాయంత్రం దాకే టైమున్నాది."

ఆయన నీటి గుంటలోకి దిగాడు. నడుము వరకు నీళ్ళు. "రా బుల్లెమ్మా. నాను సెప్పను. సూపిత్తాను."

దివ్యశ్రీ చుడీదారుతోనే దిగింది. రాగి కుండ మెడమీద ఆయన అరచెయ్యి ఆనించి, నిదానంగా, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ఊపిరి వదులుతూ పలికాడు. "కూర్మయ్య. దండాసి. జొగ్గు నాహాకో. ఖాదర్ మియా. పేరు పోయినాయన." చెయ్యి తీశాడు. "ఇంకా ఉన్నాది. ఐదుగురూ అయ్యేరు కదా. కాసేపాగాల."

"ఎవరు మావా వీళ్ళు?"

"కూర్మయ్య మా గురువు. దండాసి ఆయన గురువు. జొగ్గు నాహాకో దండాసికి నేర్పినోడు. జొగ్గుకి నేర్పినోడు ఖాదర్ మియా, కనౌజునించి డేగిసాలు బండి మీదేసుకొని ఒచ్చీడంట. ఆయనకి నేర్పినాయన పేరు ఎవులో సెప్పడం మానీసేరు. పోయింది. అందుకని అలగే అంటాం. పేరు పోయినాయన." ఆయన మళ్ళీ చెయ్యి ఆనించాడు. "నాలుగో పేరు దాటి ఐదోది అనేసరికి చెయ్యి నిలవకపోతే, అప్పుడు మంట తగ్గించాల. పని నేర్సినోలకి చెయ్యి కాలేది ఆయన కాడే."

ఒంటిగంటా యాభై ఐదు నిమిషాలకు ఆయన "ఖాదర్ మియా" అని చెయ్యి తీసి, "కాసులూ, లాగీ," అన్నాడు. కాసులమ్మ పొయ్యిలోంచి రెండు కట్టెలు లాగింది. దివ్యశ్రీ పరికరం వైపు చూసింది. యాభై ఒకటి పాయింటు ఎనిమిది డిగ్రీలు. పందొమ్మిది రోజుల అంకెలను గుంటలో నిలబడే గట్టు మీద లాప్‌టాప్‌లో తెరిచింది. మంట తగ్గించిన క్షణాన వేడి ప్రతిరోజూ యాభై ఒకటికీ యాభై రెండున్నరకూ మధ్యనే ఉన్నది. రైలున్న రోజూ అంతే, రైలు లేని రోజూ అంతే.

"మామ్మా, మా పరికరంలో ఒక డిగ్రీ అటూ ఇటూ తేడా రావచ్చు. ఈయన దగ్గర అంతకంటే తక్కువే వస్తంది."

"అంటే నమ్మదగినది ఏది?"

"ఇద్దరం," అన్నది. కొంచెం ఆలోచించి, "ఈయన ముందు," అన్నది.

ఆమె కూడా అరచెయ్యి పెట్టి చూసింది. దండాసి దగ్గర కేక వేసి తీసేసింది. కాసులమ్మ నవ్వి నవ్వి కట్టెల మీద కూర్చుండిపోయింది. "నాను జొగ్గు దాకా ఎల్తాను," అని గొప్ప చెప్పుకుంది.

తరువాత గంటసేపు మేము రాశాము. ఎనిమిది వందల మాటలకు మించకూడదు. దివ్యశ్రీ రాసింది, నేను విశేషణాలు కొట్టేశాను. "నమ్మదగినది కాదు" అన్న మాట పోయింది. ఐదు పేర్లు వచ్చాయి. "పేరు పోయినాయన"ను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, ఐదో పేరు దగ్గర ఖాళీ గీత గీసి, "ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు, పేరు దొరకలేదు" అని రాయించాను.

దరఖాస్తులో ప్రతి రచయితకూ ఈమెయిలు ఉండాలట. ఫోను కాసులమ్మది. దానిమీద సూరయ్యకు ఈమెయిలు సృష్టించాము. పుట్టిన తేదీ అడిగింది.

"ఏటి రాయమంటావు మావా?"

"తుపానొచ్చిన ఏడు."

"ఏ తుపాను?"

"పెద్దది."

ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉన్నది. వేసేశాము. సంస్థ పేరు దగ్గర "మొగలిపువ్వుల బట్టీ, గిరిసోల" అని రాశాము. ఉద్యోగం దగ్గర విద్యార్థి, అధ్యాపకుడు, పరిశ్రమ అని మూడే ఉన్నాయి. పరిశ్రమ అని నొక్కినందుకు సూరయ్య సంతోషించాడు. "ఒలే కాసులూ, నాను పరిశ్రమంట." "ఠిక్ అచ్చి," అన్నది కాసులమ్మ ఒడియాలో, బాగుందని. "పరిశ్రమోరూ, రెండో పొయ్యి ఆరిపోతన్నాది సూడండి."

మూడూ పదిహేనుకు ప్రతిపాదన వెళ్ళింది. పని అంతటితో అయిపోలేదు. ప్రతి రచయితా తన మెయిలుకు వచ్చిన లింకును నొక్కి, ఇది నాకు సమ్మతమే అని చెప్పాలి. గడువులోగా ముగ్గురూ నొక్కకపోతే మొత్తం పడిపోతుంది.

దివ్యశ్రీ నొక్కింది. సూరయ్య వంతు వచ్చింది. నలభై ఏళ్ళు రాగినీ మంటనీ తడిమిన వేలు. ఫోను తెర దాన్ని గుర్తించలేదు. కాసులమ్మ చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టించింది. గుర్తించలేదు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమచెయ్యి, ఏదీ లాభం లేదు. డిగ్రీ లోపు తేడా తెలుసుకునే చేతికి, తను ఉన్నానని ఒక అద్దం ముక్కకు తెలియజెప్పడం చేతకాలేదు.

"నాను నొక్కీనా?" అన్నది కాసులమ్మ.

"ఒద్దు," అన్నాడు సూరయ్య. "నా పేరు నానే." చెయ్యి మడిచి వేలి కణుపుతో కొట్టాడు, తలుపు తట్టినట్టుగా. తెర మీద పచ్చగీత వచ్చింది.

మిగిలినది వెంకటరమణమూర్తి గారి సమ్మతి. ఆయన ఫోను ఎత్తలేదు. దివ్యశ్రీ పంపిన రెండు సందేశాలు చదివినట్టు గుర్తు పడింది గాని జవాబు లేదు. అప్పుడు ఆమె అనుమతి తీసుకుని నేను ఒక సందేశం రాశాను. నా ప్రశ్నను మళ్ళీ పెట్టి, కింద ఇలా చేర్చాను: "ఈ పత్రానికి రెండు రూపాలున్నాయి. మొదటిదానిలో రైలు ఉన్నది, మీ పేరు ఉన్నది, సూరయ్య పేరు లేదు. రైలు రద్దు ప్రకటన ఫోటో జత చేస్తున్నాను. రెండోదానిలో సూరయ్య పేరు ఉన్నది, నిజం ఉన్నది, మీ పేరు కూడా ఉన్నది. వీటిలో దేనికింద మీ పేరు ఉండాలో ఐదుంపావులోగా తెలపగలరు."

నాలుగైంది. కాసులమ్మ అటుకులు, బెల్లం పెట్టింది. నాలుగున్నర. సూరయ్య మూడో వాయి వద్దని పొయ్యిల దగ్గరి బూడిద తీశాడు. ఐదు. దివ్యశ్రీ తెర చూడటం మానేసి, తడిసిన చుడీదారు అంచు పిండుతూ కూర్చుంది.

"పడిపోతే ఏటవుతాది బుల్లెమ్మా?" అని ఆయన అడిగాడు.

"వచ్చే ఏడు దాకా ఆగాల మావా."

"నా పేరు తీసీ. ఆయన నొక్కుతాడు."

"తియ్యను," అన్నది ఆమె. అంత చిన్న మాటను అంత స్థిమితంగా మా ఇంట్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఐదూ ఇరవై ఒకటికి తెర మీద మూడో పచ్చగీత వచ్చింది. వెనకనే గైడు గారి సందేశం వచ్చింది. అందులో ప్రశ్నకు జవాబు లేదు. "రద్దు ప్రకటన నేనే గమనించి ఉండవలసింది. సూరయ్య గారి ఇంటిపేరు స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే వేశావా? సర్టిఫికెట్టులో అదే వస్తుంది" అని మాత్రం ఉన్నది. నేను దాన్ని రెండుసార్లు చదివాను. 'గారి' అన్న రెండు అక్షరాలను లెక్కలోకి తీసుకుని, ఆయన మీద రాయదలచిన ఫిర్యాదును మానుకున్నాను.

పసిఫిక్ సముద్రంలోని నిర్జన దీవులలో సెప్టెంబరు పదిహేను ముగిసింది. మేము ఆటో ఎక్కి బరంపురం పొలిమేర చేరేసరికి దివ్యశ్రీ ఫోను మోగింది. సదస్సు వారి ప్రకటన. అనేకమంది అభ్యర్థన మేరకు చివరి తేదీని ఒక వారం పొడిగించారు.

దివ్యశ్రీ నా ముఖం చూసి ఆటోలో పడిపడి నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికి వెళ్ళగానే సదస్సు కార్యదర్శికి ఒకటిన్నర పేజీల ఉత్తరం రాశాను. నకలు బీరువాలో ఉన్నది.

ప్రతిపాదన అక్టోబరులో ఆమోదం పొందింది. డిసెంబరులో పువ్వులు ఉండవు, బట్టీ మూసి ఉంటుంది. కనుక సూరయ్య, కాసులమ్మ కూడా కొచ్చి వెళ్ళారు. ఖర్చు కళాశాల ఇచ్చింది. వెంకటరమణమూర్తి గారే సంతకం పెట్టించారు. సదస్సులో ఒక పెద్దమనిషి లేచి ఆ పద్ధతి ఎంత ఖచ్చితమో ఎలా చెప్పగలరని అడిగాడట. దివ్యశ్రీ మైకు సూరయ్యకు ఇచ్చింది. ఆయన వేడి కాఫీ ఫ్లాస్కు ఒకటి తెప్పించి, దాని లోపలి స్టీలు గ్లాసులో కాఫీ పోయించి, ప్రశ్న అడిగినాయన అరచేతిని దానికి ఆనించి, పేర్లు చెప్పమన్నాడట. పెద్దమనిషి కూర్మయ్య దగ్గరే చెయ్యి తీసేశాడు. హాలంతా చప్పట్లు.

ఇప్పుడు సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులో బట్టీ పాక గుంజకు వేలాడుతోంది. ఇచ్ఛాపురం దగ్గర పట్టాల పక్కన బట్టీ పెట్టుకున్నాయన వచ్చి చూసి, "ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు?" అని అడిగాడట. సూరయ్య అతన్ని నీటి గుంటలోకి రమ్మన్నాడు. పేర్లు ముందు కంఠస్థం చేయించాడు.

ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదని మొదటే చెప్పాను. దానికోసం ఆగను. చదువుతున్న మీరు కూడా ఏదో ఒక నివేదిక, ఒక పత్రం, ఒక సావనీరు, కనీసం ఒక శిలాఫలకం రాసినవారే, లేదా రాయించినవారే. దానిని ఇప్పుడే బయటికి తీయండి. "స్థానికులు", "సిబ్బంది", "అనుభవజ్ఞులు", "తదితరులు" అని ఎక్కడ రాశారో వెతకండి. ఆ మనుషులు ఎవరో, ఏ ఊరివారో కనుక్కుని, ఒక్కొక్కరి పేరూ, ఇంటిపేరుతో సహా, సిరాతో రాయండి. ఈ రోజే రాయండి. పొడిగింపు ఉండదు.